కొండకు మోసిన రాయి

అనగనగా ఒక అడవి చివర ఒక కొండ, ఆ కొండ మీద ఒక అమ్మవారు ఉండేది. మనుషుల అమ్మవారు కాదు, జంతువుల అమ్మవారు. గోపురం లేదు, గంట లేదు. ఒక నల్లబండ, దాని ముందు గులకరాళ్ళ కుప్ప, అంతే. ఏటా వానలు వెలిశాక జంతువులన్నీ తమ ఇంటి దగ్గరి రాయి ఒకటి నోట కరుచుకుని కొండెక్కేవి. యాత్ర అయ్యేదాకా ఎవరూ ఎవరినీ వేటాడకూడదు.

ఆ ఏడు వాగు పొంగి ముళ్ళపంది పెద్దబిడ్డ కొట్టుకుపోయింది. అప్పటినుంచి తల్లి బొరియ దాటి రాలేదు. దుంపలు తవ్వలేదు. మిగిలిన చిన్నబిడ్డ డొక్కలు ఎండిపోయి ఒక మూల పడి ఉండేది.

"ఒకసారి కొండకు పోయి రావే," అంది పక్క పొదలోని దుప్పి.

"నడిచే ఓపిక నాకెక్కడిది అక్కా?" అంది ముళ్ళపంది.

ఆ మాట కాకి వింది. కాకికి తన రెక్కల మీద ఎంత నమ్మకమో, నడిచేవాళ్ళంటే అంత జాలి. "ఆ మాత్రానికి నడవడం ఎందుకు వదినా? నీ రాయి ఇటివ్వు, పొద్దెక్కేలోగా వేసొస్తా," అంది. అన్నట్టే వేసొచ్చింది. మర్నాడు ఇంకో రాయి వేసొచ్చింది. ఆ మర్నాడు మరొకటి. పాపం, కాకి కష్టంలో లోటు లేదు. ముళ్ళపంది దుఃఖం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ సాయంత్రం చిన్నబిడ్డ ఏడవడం మానేసింది. ఏడ్చే శక్తి కూడా లేదు. తల్లికి భయం వేసింది. లేచి దుంపలు తవ్వబోయింది. ఎక్కడ చూసినా పెద్దబిడ్డ తవ్విన గుంటలే. తవ్వకుండానే బొరియలోకి తిరిగొచ్చింది.

"నీ బిడ్డకు నా పాలు పడతాను. నువ్వు వెళ్ళిరా," అంది దుప్పి.

ముళ్ళపంది రాయి కరుచుకుని బయలుదేరింది.

కొండ కింద ఊట దగ్గర అందరూ రాళ్ళు దింపి నీళ్ళు తాగారు. అక్కడొక ఆచారం ఉంది. అక్కడినుంచి ఎవరి రాయి వాళ్ళు మోయకూడదు. పక్కవాళ్ళది అడిగి తీసుకోవాలి.

"ఇది ఎవరి కోసమమ్మా?" అని అడిగింది పక్కనున్న ముసలి ఎలుగుబంటి.

మూడు రాళ్ళు మోసిన కాకి కూడా ఆ మాట అడగలేదు. "మా పెద్దోడి కోసం తాతా. వాగులో పోయాడు," అంటూనే ముళ్ళపంది భోరున ఏడ్చింది. ఎలుగుబంటి తొందరపెట్టలేదు. ఏడుపు ఆగాక ముళ్ళపంది, "మరి నీది?" అని అడిగింది.

"మా ముసల్దాని కోసం. కార్చిచ్చులో పోయింది," అంది ఎలుగుబంటి.

ముళ్ళపంది తన రాయి తాతకిచ్చి, తాత రాయిని నోట కరుచుకుంది. తనదైతే జారినా పట్టించుకునేది కాదేమో. ఇది తాతది. ఒక్కో అడుగూ చూసుకుని వేసింది.

పైన నల్లబండ ముందు ఇద్దరూ రాళ్ళు పక్కపక్కన పెట్టి దిగివచ్చారు. దారిలో ముళ్ళపంది ఆగి దుంపలు తవ్వింది. తాతకొకటి పెట్టి, తనొకటి తిని, మిగిలినవి ఇంటికి తెచ్చింది.

కాకికి కాస్త ఉక్రోషం వచ్చింది. "నేను మూడు రాళ్ళు వేస్తే ఇవ్వనిది, నీ ఒక్క రాయికి ఏమిచ్చింది వదినా ఆ అమ్మవారు?"

"మోయడానికి ఇంకొకరి రాయి ఇచ్చింది," అంది ముళ్ళపంది, బిడ్డ నోట్లో దుంప పెడుతూ.

నీతి: బరువున్నవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడే దారే తీర్థయాత్ర. ఆ దారి మన బదులు ఇంకొకరు నడవలేరు.