ముప్ఫై ఆఖరి సీట్లు

మొగలివాగుకి ఇవతల గడ్డి మాడిపోయింది. అవతల మోకాలెత్తు పచ్చిక. ఇంకేం, నక్క జంబులయ్య వాగొడ్డున ఈత కాలేజీ తెరిచేశాడు.

"అవతలి మేతకి దూడల్ని రానివ్వాలంటే నా సర్టిఫికెట్ ఉండాలి. సీట్లు పదే. పోటీ చూస్తే నాకే భయమేస్తోంది, కాటుకమ్మక్కా!" అన్నాడు గేదెతో.

"మావాడు పుట్టిన వారానికే వాగులో దూకాడు కదా మాస్టారూ?"

"అది మామూలు ఈత. పోటీ ఈత వేరు. మిగిలింది ఒక్కటే సీటు. పొద్దుటి పాలు ఫీజుకి, సాయంత్రం పాలు మెటీరియల్‌కి. ఎవరికీ చెప్పకు, ఎగరేసుకుపోతారు."

చేపపిల్లకి ఈత నేర్పాలా అని అడగాల్సిన తల్లి, పక్కపాక ఆవు ఎక్కడ వింటుందోనని గొంతు తగ్గించి ఒప్పేసుకుంది.

నెలంతా దూడలు ఒక్కోటి ఒక్కో వేళకి ఒడ్డున ఇసుకలో కాళ్ళాడించాయి. నీళ్ళలో దిగాలంటే వేరే ఫీజట! గేదె దూడకి డొక్కలు తేలాయి. ఎండిన పొదుగుని కుమ్మి కుమ్మి అడిగింది.

"అమ్మా, పాలేవీ?"

"ఫీజు కట్టానురా."

"మరి నేనేం తాగాలి?"

ఫీజు మాట చెవిన పడి, పక్కపాకలోంచి ఆవు సేవంతి తలెత్తింది.

"నువ్వూ కట్టావా వదినా? ఆఖరి సీటు నాదన్నాడే!"

"నాదన్నాడు!"

ఇద్దరూ మందంతా తిరిగి అడిగారు. దూడలు ముప్ఫై. ఆఖరి సీట్లూ ముప్ఫై. కాలేజీలో ఉన్నవి మాత్రం పది!

"ఒకరికి తెలీకుండా ఒకరం కట్టాం. వాడి కాలేజీకి పునాది మన భయమేనే!" అంది కాటుకమ్మ. దాని కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

తిన్నగా నక్క దగ్గరికెళ్ళింది. "మాస్టారూ, అవతల ఇంకో మంద దిగింది. బోలెడు దూడలు. వీపెక్కండి, దాటిస్తా."

నక్కకి నోరూరింది. ఎగిరి కూర్చున్నాడు.

నడివాగులో గేదె అడిగింది. "ఆ తల్లులకేం చెబుతారు?"

"ఏముంది, ఒక్క సీటే మిగిలిందని!" నక్క పకపకా నవ్వాడు.

గేదె నీళ్ళలో చల్లగా కూర్చుంది.

"అక్కా! అక్కా! లేవే! నాకు ఈత రాదు!"

"మాస్టారికే రాదా? మెటీరియల్ చదువుకో!" ఒడ్డు నుంచి సేవంతి కేకేసింది.

"బయటికి లాగండే తల్లీ!"

"లాగుతాం. ముందు ఫీజు కట్టు!" కాటుకమ్మ బుసకొట్టింది.

నక్క తాటిదుంగలా కొట్టుకుపోయాడు. ముప్ఫై దూడలూ వాగులో దూకి, ఎవరూ నేర్పకుండానే అవతలికి ఈదాయి. అక్కడ సర్టిఫికెట్ అడిగిన నాథుడే లేడు. కానీ నక్క తాగేసిన నెల పాలు తిరిగి రాలేదు. బక్కచిక్కిన దూడలు పచ్చికలో రెండడుగులకోసారి ఆగి ఆయాసపడుతుంటే తల్లులు పళ్ళు నూరారు.

ఇప్పుడు మొగలివాగు తల్లులు కొత్తగా ఈనిన ప్రతి తల్లికీ చెప్పే మాట ఒక్కటే: సీట్లు అయిపోతున్నాయని తొందరపెట్టేవాడికి పాలు పోసే ముందు, పక్కపాక తల్లిని ఓ మాట అడుగు.