దోసిలమ్మ వెలసిన వాగు

పూర్వం, మబ్బుకొండ శిఖరాన వల్లభనాయకుడనే మండలాధిపతి కోట కట్టుకొని రాజ్యపాలన చేస్తున్న కాలంలో, ఆ కోటగోడకు వెలుపల, కొండవాలు మీద, నీలి అద్దకపు వారి వాడ ఒకటి దేదీప్యమానంగా వెలుగుతూ ఉండేది. ఆ వాడకు పెద్ద తిప్పిసెట్టి. అతని గాబుల్లో ముంచి తీసిన వస్త్రం ఎన్ని ఉతుకులు ఉతికినా వన్నె తగ్గదని దూరదేశాల వర్తకులు సైతం చెప్పుకొనేవారు. ధనవంతుడైనా గర్వి కాడు, దైవభక్తి గలవాడు. ఏటా మృగశిర కార్తె ప్రవేశించే ముందు కొండమీది జలాశయం గట్టున గంగమ్మకు పసుపు కుంకుమలతో పూజ చేసి, అన్నదానం చేసి, ఆ తల్లి అనుగ్రహం వల్లనే తన ఇల్లు చల్లగా ఉన్నదని మనసారా నమ్మేవాడు.

అయితే ఆ వాడ పెరిగేకొద్దీ కొండ బోసిపోయింది. రంగులు మరిగించే పొయ్యిలకు, కోటలోని వంటశాలలకు వాలు మీది చెట్లన్నీ కట్టెలైపోయాయి. ఒకప్పుడు వేళ్ల నడుమ మెల్లగా ఇంకి, కొండ పాదాన ఊటలై పుట్టే వాననీరు, ఇప్పుడు ఆగడానికి చోటు లేక పడింది పడినట్టే కిందికి దూకేది. ఏడాది పొడుగునా పారబోసిన నీలి మడ్డిని, సున్నపు తేటను, గుర్రపుశాలల పేడను తొలివాన ఒక్క ఊపున ఊడ్చుకుపోతే, అద్దకపువాడ అద్దంలా మెరిసేది. వానదేవుడే వచ్చి వీధులు కడిగి వెళ్లాడని కోటవాసులు సంతోషించేవారు. ఆ కడిగినదంతా ఎక్కడికి పోయిందని వారిలో ఎవరూ ఆలోచించలేదు.

అది కొండ పాదాన పారే పాలవాగులో కలిసేది. ఆ వాగు ఒడ్డున ఏటిగడ్డ అనే పల్లె ఉంది. ప్రతి తొలకరికి అక్కడ చేపలు తెల్లటి పొట్టలు పైకి తేల్చి కొట్టుకొచ్చేవి, పశువులు నీళ్ల దాకా వెళ్లి వాసన చూసి వెనుదిరిగేవి, పసిపిల్లలు వాంతులతో, విరేచనాలతో వాడిపోయేవారు. పల్లెవాసులు దానిని గ్రామదేవత ఆగ్రహమనుకొని శాంతులు చేయించుకొనేవారు.

తిప్పిసెట్టి ఏకైక పుత్రిక నాచమ ఆ ఏటిగడ్డకే కోడలై వెళ్లింది. ఆమెకు లేకలేక కలిగిన కొడుకు అప్పుడప్పుడే గోడ పట్టుకొని నడక నేరుస్తున్నాడు. ఆ సంవత్సరం తొలివాన పడిన కొద్ది దినాలకే ఆ బిడ్డకు జబ్బు చేసింది. కబురంది తాత కొండ దిగి వచ్చేసరికి అంతా ముగిసిపోయింది. తిప్పిసెట్టి గుమ్మంలో కూలబడి బిగ్గరగా ఏడ్వబోతే, నాచమ లేచి లోపలికి వెళ్లి, బిడ్డకు నీళ్లు పట్టిన ముంతను తెచ్చి తండ్రి ముందు పెట్టింది. అడుగున పేరుకొన్న మడ్డి నీలంగా ఉంది.

"నాన్నా, ఈ రంగు ఎవరి గాబుదో మీకు నేను చెప్పాలా?" అన్నది.

అతడు తల వంచుకున్నాడు. ఏ వస్త్రం ఏ గాబులో మునిగిందో చూడగానే చెప్పగల మనిషికి ఆ నీలం గుర్తు తెలియకపోలేదు.

"ఈ ఇంట్లో మీరు ఏడవకండి. ఏడ్వడానికి మాకు చాలినంత ఉంది," అని ఆమె తలుపు దగ్గరికి వేసింది.

తిప్పిసెట్టి తూలుతూ పాలవాగు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అక్కడ బండ మీద, వయసు చెప్పలేనంత ముసలిదైన స్త్రీ ఒకతె కూర్చుని ఉంది. తలవెంట్రుకలు వెండిపోగుల్లా ఉన్నాయి, కట్టుకున్న చీర నీలి మరకలతో మాసి ఉంది. కళ్లు మాత్రం చిన్నపిల్ల కళ్లలా ఉన్నాయి.

"దాహంగా ఉంది నాయనా, కాసిని నీళ్లు పోసి పుణ్యం కట్టుకో," అన్నదామె.

అతడు వంగి రెండు చేతులా వాగునీరు ముంచి ఆమె ముందు పట్టాడు. ఆమె నోరు తెరవలేదు.

"ముందు నువ్వు పుచ్చుకో. నీ ఎంగిలైనా ఫరవాలేదు."

తిప్పిసెట్టి దోసిలిలోకి చూచాడు. సున్నపు ఘాటు ముక్కుకు తగిలింది. చేతులు పెదవుల దాకా లేవలేదు. నీరు వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటే అతడు ఊరకే చూస్తూ ఉండిపోయాడు.

"కొండమీద నాకు పసుపు కుంకుమలు పెడతావు. ఇక్కడ నేను కట్టుకున్న చీర చూడు నాయనా! నీ దోసిలి ఇక్కడ నీ నోటికి చేరిన నాడు పిలువు, వస్తాను," అన్నదామె. అతడు తల ఎత్తేసరికి బండ మీద ఎవరూ లేరు. బండ మాత్రం తడిసి ఉంది.

ఆ క్షణమే తిప్పిసెట్టి, పాలవాగు నీరు తాగగలిగే దాకా కొండమీది నీటిచుక్క ముట్టనని సంకల్పం చెప్పుకొని, వాగు ఒడ్డునే పాక వేసుకున్నాడు. తాగడానికి నీరెలా అని దిగులుపడుతూంటే, పల్లెలోని ఆడవారు వాగు ఇసుకలో లోతుగా చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడుకోవడం కనిపించింది. తొలిమడ్డి పారిన మొదటి రోజుల్లో అదీ చెడిపోతుందని, ఆ తరువాతనే తేటపడుతుందని వారు చెప్పారు. పక్కనే వాగు మురికిగా పారుతుంటే, చెలమలో నీరు నిర్మలంగా ఉండటం చూచి అతడు ఆశ్చర్యపోయాడు. ఇసుకలో మెల్లగా నడిచిన నీరు మురికిని విడిచిపెడుతున్నది. వట్టివేరు దుబ్బులు గుబురుగా ఉన్న చోట ఒడ్డు కోసుకుపోకుండా నిలుస్తున్నది. పరుగెత్తే నీటిని నడిపించగలిగితే చాలునని అతనికి స్ఫురించింది. ఆ వర్షకాలమంతా అతడు నీటినే చూస్తూ గడిపాడు.

వానలు వెనుకపట్టిన తరువాత కొండ ఎక్కి వల్లభనాయకుని కొలువులో నిలబడి, అద్దకపు మడ్డికి బంకమట్టి మెత్తిన గుంటలు తవ్వాలని, వాలుకు అడ్డంగా కందకాలు తీసి రాతికట్టలు వేయాలని, వాటిలో ఇసుకా బొగ్గూ నింపి వట్టివేరు నాటాలని విన్నవించుకొన్నాడు.

"వాన దేవుడిచ్చింది, కొండవాలు దేవుడిచ్చింది. మధ్యలో అడ్డం పడటానికి నువ్వెవరవు తిప్పిసెట్టీ?" అన్నాడు ప్రభువు.

"దేవుడు నీళ్లే ఇచ్చాడు ప్రభూ. నీలం మేము కలిపాము."

ప్రభువు ఆలోచించి, "చేసుకో. కాని నీ కట్టల వల్ల కోటగోడకు గాని, కింది పల్లెకు గాని చేటు జరిగితే, నీ వాడ మొత్తం ఈ కొండ విడిచి పోవాలి," అన్నాడు. ఆ మాట విని వాడవారు మండిపడ్డారు. మనుమడు పోయిన దుఃఖంలో పెద్దాయనకు మతి చలించిందని, తమ పొయ్యిలు ఆర్పడానికే పుట్టాడని నిందించారు. తిప్పిసెట్టి పార భుజాన వేసుకొని తన సొంత గాబుల దగ్గరే మొదటి గుంట తవ్వాడు. కొందరు సిగ్గుపడి వచ్చారు, కొందరు చూడటానికి వచ్చి పార అందుకున్నారు, కొందరు చివరిదాకా రాలేదు. నాచమ కూడా రాలేదు. ఎండలు ముదిరేనాటికి కొండవాలు మీద కట్టలు మెట్లుమెట్లుగా లేచి, వట్టివేరు పచ్చగా తల ఎత్తింది.

తొలకరి ఆ ఏడు కనికరం లేకుండా వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం చీకటై, ఉరుములతో కొండ కంపించింది. కట్టలు ఒకదాని తరువాత ఒకటిగా నీటిని పట్టి, నిదానించి, కిందికి వదులుతున్నాయి. కాని అన్నింటికంటె దిగువనున్న పెద్దకట్ట నడుమ ఒకచోట రాయి జారి గండి పడింది. తిప్పిసెట్టి గండిలోకి దిగి, వీపు ఆనించి, "మట్టి! మట్టి తెండి!" అని అరుస్తుండగా కాళ్ల కింద నేల జారిపోతున్నది. వాడవారిలో ధైర్యం సన్నగిల్లింది.

అప్పుడు, కిందనుంచి గండిని చూచిన ఏటిగడ్డ స్త్రీలు ఇసుక గంపలు నెత్తిన పెట్టుకొని, జారుతూ, లేస్తూ, వాలు ఎక్కి వచ్చారు. ముందున్నది నాచమ. ఆమె గంప గుమ్మరించి, నడుంలోతు నీటిలో దిగి తండ్రి చేయి పట్టుకొన్నది.

"పైకి రండి నాన్నా. ఈ బాకీ మీ ప్రాణంతో తీరేది కాదు. నాకు మీరు కావాలి."

ఆమె అతన్ని గట్టుకు లాగిన మరుక్షణమే పెద్ద మెరుపు మెరిసింది. ఆ వెలుగులో, గండిలో కాళ్లు చాపుకొని తాపీగా కూర్చున్న ముసలామెను అక్కడున్నవారందరూ చూచారు. మెరుపు ఆరగానే ఆమె ఉన్న చోట, కొండపై నుంచి దొర్లివచ్చిన మహాశిల ఒకటి గండికి సరిగ్గా అమరి నిలిచిపోయింది. నీరు దానిని చుట్టి, ఇసుకలోకి దిగి, శాంతించింది.

మర్నాడు తెల్లవారి పాలవాగు పొంగుతూ పారుతున్నది. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. తిప్పిసెట్టి మోకాళ్ల మీద కూర్చుని, దోసిట నీరు తీసి, కళ్లకద్దుకొని, "తల్లీ, రా!" అని పిలిచి గొంతులో పోసుకున్నాడు. నాచమ అప్పుడు ఏడ్చింది. బిడ్డ పోయిన నాటి నుంచి ఆమె కంట నీరు రావడం అదే మొదటిసారి. వార్త విని వల్లభనాయకుడు పల్లకీ లేకుండా కొండ దిగి వచ్చి, అక్కడే వంగి దోసిలి పట్టి తాగి, ఇకమీదట కోటలో ఎవరు ప్రభువైనా తొలివాన నీటిని ముందుగా ఇక్కడ తాగిన తరువాతనే కొండమీద దాహం తీర్చుకోవాలని శాసించాడు.

గండిలో నిలిచిన ఆ శిల పైభాగాన రెండు చేతులు దోసిలి పట్టినట్టు రెండు గుంటలుంటాయి. అందువల్ల ఆ తల్లికి దోసిలమ్మ అని పేరు వచ్చింది. ఆమెకు గుడి కట్టబోతే నీటిదారికి అడ్డమవుతుందని పెద్దలు వద్దన్నారు, ఈనాటికీ ఆమె వానలో తడుస్తూనే ఉంటుంది. కోట శిథిలమైంది గాని కొండమీద ఊరుంది. ఏటా ఎండాకాలం చివర ఆ ఊరివారు కందకాల్లోని ఒండ్రు ఎత్తి ఏటిగడ్డ పొలాలకు చేరవేస్తారు. తొలివాన కురిసిన మర్నాడు ఇంటికొకరు చొప్పున వాగుదగ్గరికి దిగి వస్తారు. అవతలి ఒడ్డున నిలబడి ఏటిగడ్డలోకెల్లా పెద్ద ముత్తయిదువ, "ఏ ఊరి నీళ్లు తాగడానికి వచ్చారు?" అని అడుగుతుంది.

"మీ ఊరివే తల్లీ," అని వారంతా దోసిళ్లు పడతారు.

వారు తాగే దాకా ఆమె అక్కడే నిలబడి చూస్తుంది. చివరి మనిషి తాగిన తరువాతనే ఏటిగడ్డ ఆడవారు బిందెలు వాగులో ముంచుతారు.