రాజుగారి ఎత్తు బంగారం

రేవులో పడవకి చిల్లు పడిందని మొర పెట్టుకోవడానికి సరంగు నూకయ్య పొద్దున్నే కోటకి వచ్చాడు. మధ్యాహ్నమైనా అతని గోడు విన్న నాథుడు లేడు. సభంతా, ఎగిరే రథం చేశానంటున్న గగనభట్టు చెప్పే చంద్రలోక విహారంలోనే మునిగి తేలుతోంది. రథం ఇంతవరకూ నేల విడిచింది లేదు గానీ, మొదటి ఆసనం రాజుగారిదేనట. రుసుము ఆయన ఎత్తు బంగారమట! భారీకాయుడైన రాజుగారిని అప్పుడే తులాభారం తూచి, బంగారం రాశి పోసేశారు కూడా.

నూకయ్యకి ఒళ్లు మండిపోయింది.

"ప్రభూ, మా పడవలో ఎవరైనా అవతలి ఒడ్డున దిగాకే డబ్బులిస్తారు. ఈ బంగారాన్ని రథంలో వేసి ముందు చంద్రుడి దాకా తిప్పి తెమ్మనండి. తెస్తే భట్టుగారే ఉంచుకుంటారు."

గగనభట్టు కస్సుమన్నాడు. "బుద్ధుందా నీకు? అంత బరువేస్తే రథం లేస్తుందా? ముక్కలైపోదూ!"

"అది రాజుగారి బరువే కదా బాబూ?"

రాజుగారు తన బొజ్జ కేసి చూసుకుని, గగనభట్టు కేసి గుర్రుగా చూశారు.

"నూకయ్యా, నువ్వేదో పడవ సంగతి చెప్పబోయావు?"

"పొద్దుట్నుంచీ అదే కదా ప్రభూ మొత్తుకుంటున్నాను!"