ఎదుటి పీట మీద ఏలినవారు

పేరు చెబితే ఆ రాజ్యంవాళ్ళు నా మీదికి వస్తారు కాబట్టి పేరు వదిలేసి చెబుతాను. ఒకానొక రాజ్యంలో గండభైరవుడని ఒక మహారాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ బిరుదులంటే మహా ప్రీతి. ఆయన కూర్చోవాలన్నా, లేవాలన్నా, చివరికి గుక్కెడు మజ్జిగ తాగాలన్నా పక్కనున్న వంది ముందుగా బిరుదులన్నీ చదవాల్సిందే. "శత్రుగజకేసరి, సమరరంగభీకర, సకలదిగంతకీర్తివిశాల..." అంటూ మొదలుపెట్టి అతగాడు ముగించేసరికి చల్లగా తెచ్చిన మజ్జిగ కాస్తా పులిసి కూర్చునేది. పాపం, మజ్జిగంటేనే పుల్లగా ఉంటుందని మహారాజు నమ్మకం.

ఆ కొలువులో మైలారయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. అతనికున్న ఆస్తి రెండే: ఒకటి నాలుక, రెండోది మీసం. నాలుకను ఎక్కడ పడితే అక్కడ వాడేవాడు. మీసాన్ని మాత్రం ప్రాణంలా చూసుకునేవాడు.

ఒకనాడు కొలువు నిండుగా ఉండగా బసప్ప అనే అద్దకంవాడు వచ్చి నిలబడ్డాడు. నీలివాడలో గుడ్డలకు నీలిరంగు అద్దేవాళ్ళలో అతనొకడు. చేతులు మోచేతుల దాకా నీలం.

"ప్రభూ, తమరి కొత్త తోట గోడ మా వాడ చివర కాలవకి అడ్డం వచ్చింది. మొన్న ఒక్క జల్లు పడితేనే నీళ్ళు వెనక్కి తన్ని ఇళ్ళలోకి వచ్చాయి. వానాకాలం నెత్తి మీదుంది. గోడ మా వాడను ఆనుకుంది కాబట్టి తమరూ ఇప్పుడు మా ఇరుగుపొరుగే. ఇరుగుపొరుగు మాటలు మేం అరుగు మీద కూర్చుని తేల్చుకుంటాం. రేపు పొద్దున తమరు వాడసభకు దయచేయాలి" అన్నాడు బసప్ప చేతులు జోడించి.

వంది నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. మహారాజు బిరుదులు చదివించుకోకుండానే దిగ్గున లేచాడు. పట్టాభిషేకం అయ్యాక అలా లేవడం అదే మొదలు!

"నేను నీలివాడ వాడినా? వీధిలో అరుగు నన్ను పిలుస్తుందా? వెళ్ళు! రేపు గడ్డపారలు వస్తాయి. అరుగూ ఉండదు, సభా ఉండదు!"

బసప్ప ముఖం పాలిపోయింది. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మైలారయ్య మాత్రం మీసం చాటున చిన్నగా నవ్వాడు.

"ఎందుకురా నవ్వు?"

"ఏం లేదు ప్రభూ. ఏలినవారు భయపడ్డారని వాడలో అనుకుంటారేమోనని."

"భయమా! నాకా! ఎవరంటే?"

"ఎవరో మనిషంటే కాదు ప్రభూ, అరుగంటే. మదపుటేనుగు ఎదురొచ్చినా తప్పుకోని వారు, ఒక బండరాయి రమ్మంటే వెళ్ళకుండా గడ్డపారల్ని పంపారంటే... అనేవాళ్ళ నోరు మనం మూయగలమా?"

మహారాజు మెడ మీద నరాలు ఉబ్బాయి. "అయితే నేనే వెళతాను. వాళ్ళ అరుగు మీదే, వాళ్ళ పద్ధతిలోనే వాళ్ళను ఓడిస్తాను. ఓడించాక నా కళ్ళ ముందే అరుగు పెకలిస్తారు. కవ్వించినందుకు నీ మీసం సగం గొరిగిస్తాను."

మైలారయ్య చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. "చిత్తం. ఒకవేళ... ఒకవేళ ఏలినవారు ఓడితే?"

"అది జరిగేది కాదు కాబట్టి నీ ఇష్టం వచ్చింది కోరుకో!"

మర్నాడు పొద్దున్నే ఊరేగింపు బయలుదేరింది. ఆకాశం అప్పటికే నల్లబడి ఉంది. నీలివాడ మొదట్లోనే మొదటి చిక్కు వచ్చింది. సందు ఇరుకు, గొడుగు వెడల్పు. గొడుగు ఆగిపోయింది. అరుగు మెట్టు దగ్గర రెండో చిక్కు. వంది గొంతు సవరించుకుని "శత్రుగజకేసరి..." అనగానే అరుగు మీద నుంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది. ఆవిడ ఓబులవ్వ, వాడసభకు పెద్ద.

"నాయనా, చెప్పులూ బిరుదులూ మెట్టు కింద విడిచి రావాలి. ఇక్కడ అందరం అంతే."

వంది మహారాజు వంక చూశాడు. మహారాజు మైలారయ్య వంక చూశాడు. మైలారయ్య మబ్బుల వంక చూస్తూ, "వాళ్ళ పద్ధతిలోనే అన్నారు ప్రభూ" అని గొణిగాడు. మహారాజు ముత్యాల చెప్పులు విడిచి అరుగెక్కాడు. ఎక్కుతుంటే వాడవాళ్ళంతా తలలు వంచారు.

అరుగు మీద ఎదురెదురుగా రెండు పీటలు తప్ప ఇంకేమీ లేవు. "ముందు వచ్చినవాళ్ళ మాట ముందు. కాసేపు కూర్చో బాబూ" అంది ఓబులవ్వ. రాజుగారిని కాసేపు కూర్చోమన్నది! ఆయన అరుగు అంచున కూర్చున్నాడు కూడా. బహుశా ఏం అనాలో తోచక.

ముందు వచ్చినవాళ్ళు బసప్పా, అతని గోడ పక్కన ఉండే ఈరక్కా. తెల్లవారకముందే బసప్ప కొయ్యతో గుడ్డలు బాదుతాడని ఈరక్క ఫిర్యాదు. అయితే ఆవిడ వెళ్ళి బసప్ప పీట మీద కూర్చుంది. బసప్ప ఆవిడ పీట మీద కూర్చున్నాడు.

"ఇదేం కూర్చోవడం?" అన్నాడు మహారాజు మెల్లగా.

"ఇక్కడ ఎవరి వాదం వారు చెప్పుకోకూడదు ప్రభూ" అన్నాడు మైలారయ్య. "ఎదుటివాడి పీట మీద కూర్చుని ఎదుటివాడి వాదం చెప్పాలి. అవతలివాడు 'ఔను, అదే నా మాట' అనేదాకా చెప్పాలి. ఆ తర్వాతే తీర్పు."

ఈరక్క మొహం చిట్లించుకునే మొదలుపెట్టింది. "నేను బసప్పని. ఎండెక్కితే గుడ్డ బిగుసుకుపోతుంది. అందుకని చీకటితోనే బాదుతాను."

"ఇంకా ఉంది" అన్నాడు బసప్ప.

"ఇంకేముంది? ఊఁ... ఒంటిచేత్తో బాదుతాను కాబట్టి ఎక్కువసేపు పడుతుంది. ఎందుకంటే..." ఈరక్క ఆగిపోయింది. "ఒరేయ్, నీ కుడిచెయ్యి లేవడం లేదు కదూ! నెల నుంచీ చూస్తూనే ఉన్నాను, ఇప్పటిదాకా తట్టలేదు. చెప్పవేంరా?"

"ఔను, అదే నా మాట" అన్నాడు బసప్ప తల వంచుకుని. తర్వాత అతను చెప్పాడు: "నేను ఈరక్కని. నా మనవడు రాత్రంతా దగ్గి దగ్గి తెల్లవారుజామున కాస్త కళ్ళు మూస్తాడు. సరిగ్గా అప్పుడే పక్కింట్లో కొయ్య లేస్తుంది." ఈరక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఔనురా, అదే నా మాట."

ఓబులవ్వ తీర్పేమీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. కొయ్యను కాలవ గట్టుకి మారుస్తానని అతనన్నాడు. భుజానికి పట్టు వేయడానికి వావిలాకు ఉడికించి పంపుతానని ఆవిడంది. ఇద్దరూ మెట్లు దిగి ఒకే దారిన పోయారు.

మహారాజు కన్నార్పలేదు. తన కొలువులో తీర్పు చెప్పాక ఇద్దరిలో ఒకడు ఏడుస్తూ పోవడమే ఆయన ఎరుగును. ఇద్దరూ కలిసి వెళ్ళడం ఎన్నడూ చూడలేదు. ఆయన ఒంటి మీద సన్నగా గగుర్పాటు కలిగింది. అది కనబడకుండా ఉత్తరీయం సర్దుకున్నాడనుకోండి.

"ఇక మనం" అంది ఓబులవ్వ. మహారాజు వాడ పీట మీద కూర్చున్నాడు. ఓబులవ్వ మహారాజు పీట మీద కూర్చుంది. వంది గుండెలు బాదుకున్నాడు.

మహారాజు గొంతు పెంచాడు. "మేం నీలివాడ వాళ్ళం. మేం అల్పులం. రాజుగారి తోట చూసి కళ్ళు కుట్టి..."

"అది మా మాట కాదు బాబూ."

"అయితే... మాకు నీళ్ళు పోవడం లేదు!"

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవడం లేదు? పోకపోతే ఏమౌతుంది?"

మహారాజుకు తెలిస్తే కదా! మైలారయ్య ఏదో అందించబోతే ఓబులవ్వ ఆపింది. "అందించకూడదు నాయనా. తెలియకపోతే వాడలోకి వెళ్ళి చూసి రావచ్చు. ఎంతసేపైనా సభ ఎదురుచూస్తుంది."

కోపంగా లేచి, గొడుగూ చెప్పులూ వందీ లేకుండా మహారాజు సందులోకి నడిచాడు. గోడల మీద మోకాలి ఎత్తున నీలపు చార వరసగా కనిపించింది. వాన నీళ్ళు తొట్లలోని రంగును కలుపుకుని అంతవరకూ నిలిచిన గుర్తు అది. నేల ఇంకా ఆరలేదు. అడుగు వేస్తే చీలమండల దాకా నీలపు బురద. చివరి ఇంట్లోంచి ఒక గొంతు పిలిచింది.

"ఎవరన్నా అక్కడ? ఈ మంచం కోడు కాస్త ఎత్తిపట్టండి!"

లోపల నెలలు నిండిన మనిషి, తిప్పక్క, మంచం కింద రాయి పెట్టడానికి ఆపసోపాలు పడుతోంది. మహారాజు అటూ ఇటూ చూశాడు. పిలిచింది తననే. వంగి కోడు పట్టుకుని ఎత్తాడు. కత్తి కంటే బరువైనది ఎత్తని చెయ్యి మరి, రెండో చెయ్యి కూడా వేయాల్సి వచ్చింది.

"ఇంకాస్త అన్నా! హమ్మయ్య" అంది తిప్పక్క రాయి తోసి. "ఇవాళో రేపో పురుడు. ఈ మబ్బు కురిసిందా, నీళ్ళు మళ్ళీ ఇంట్లోకే. బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక మంచం ఎత్తు చేస్తున్నా. నువ్వెవరి తాలూకు అన్నా, ఎప్పుడూ చూడలేదు?"

"గోడ అవతలి మనిషిని" అన్నాడు మహారాజు. మిగిలిన మూడు కోళ్ళు కూడా తనే ఎత్తాడు.

తిరిగొచ్చి పీట మీద కూర్చున్నప్పుడు ఆయన గొంతు మారిపోయి ఉంది. "మేం నీలివాడ వాళ్ళం. మా తొట్ల నీళ్ళూ, వాన నీళ్ళూ కాలవలోంచి ఏటికి పోయేవి. గోడ అడ్డం వచ్చాక వెనక్కి వస్తున్నాయి. మా గోడల మీద మోకాలెత్తు చార ఉంది. చివరింట్లో ఒక బిడ్డ పుట్టబోతోంది. మాకు గోడ మీద పగ లేదు. ఆ బిడ్డకి పొడి నేల కావాలి. అంతే."

 ఓబులవ్వ కళ్ళు చెమర్చాయి. "ఔను బాబూ. అదే మా మాట."

తర్వాత ఆవిడ రాజు పీట మీద నిటారుగా సర్దుకుని కూర్చుంది. "నేను గండభైరవుణ్ణి. నేను నడిస్తే తలలన్నీ వంగుతాయి. తలపాగాలూ కొప్పులూ తప్ప మనిషి ముఖం చూసి ఎంత కాలమైందో. ఒక్క పూటైనా రాజును కాకుండా, చెప్పుల్లేకుండా గడ్డి మీద నడవాలని తోట వేయించుకున్నాను. ఆ గోడ నీళ్ళకి అడ్డం పెట్టింది కాదు, చూపులకి అడ్డం పెట్టుకున్నది. నీళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పాలంటే తలెత్తాలి కదా."

 దూరాన ఒక ఉరుము దొర్లింది. మహారాజు పీట మీద ముందుకు వంగాడు.

"ఔను... అదే నా మాట. అమ్మా, ఇది నేను నాకు కూడా చెప్పుకోలేదే. నీకెలా తెలిసింది?"

"నీ పీట మీద కూర్చున్నాను కదా నాయనా" అంది ఓబులవ్వ. "ఇక్కణ్ణుంచి చూస్తే అన్నీ వంగిన తలలే కనబడ్డాయి."

ఒక్కొక్కరే తలలెత్తారు. మహారాజు ఆ ముఖాలన్నిటినీ చూశాడు, పండగ చూసినట్టు.

తీర్పు ఆయనే చెప్పాడు. గోడ ఉంటుంది, గోడ అడుగున తూము ఉంటుంది. అరుగు పెకలించడానికి తెచ్చిన గడ్డపారలతోనే ఆ పూట తూము తవ్వారు. సాయంత్రం వాన దంచికొట్టింది. నీళ్ళు గోడ కిందుగా గలగలమంటూ ఏటికి పోయాయి. చివరింట్లో ఆడపిల్ల పుట్టింది, పొడి నేల మీద.

మర్నాడు కొలువులో అందరూ మహారాజు పాదాల వంకే చూస్తున్నారు. ఎంత తోమినా నీలం పోలేదు మరి. సింహాసనం ముందు రెండు పీటలు వేసి ఉన్నాయి.

"మైలారా! నన్ను మోసం చేసి తీసుకెళ్ళావని నీ మీద ఫిర్యాదు ఉంది. రా, కూర్చో."

మైలారయ్య మీసం మీద చెయ్యేసుకుని ఒక పీట మీద కూర్చోబోయాడు. "అది నా పీటరా, దాని మీదే కూర్చో. నీ పీట మీద నేను కూర్చుంటాను" అని మహారాజు వెళ్ళి ఎదుటి పీట మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"నేను మైలారయ్యని. మా రాజుకు సూటిగా చెబితే వినడు. తప్పన్నామా, తల పోతుంది. భయపడ్డావన్నామా, ఎక్కడికైనా నడిచి వస్తాడు. అందుకని ఉడికించి నడిపించాను. నడిస్తే చూస్తాడు, చూస్తే కరుగుతాడని నాకు తెలుసు."

మైలారయ్య కంటినీరు మీసంలోకి జారింది. "ఔను ప్రభూ. అదే నా మాట."

మహారాజు పకపకా నవ్వాడు. కొలువంతా నవ్వింది. "సరే గానీ, నిన్న నేను గెలిచానా, ఓడానా?"

"ఆ అరుగు మీద ఇంతవరకూ ఎవరూ ఓడలేదట ప్రభూ. అందుకే పందెం తేలడం లేదు."

"అయితే నీ మీసం నీదే. నేనిచ్చిన మాట నిలిచే ఉంది. కోరుకో!"

"ఒక చెంబుడు మజ్జిగ ప్రభూ, మీతో కలిసి. ఇప్పుడే, బిరుదులు చదవకముందే."

వంది అప్పటికే నోరు తెరిచాడు. మహారాజు అతనికే మొదటి చెంబు అందించి ఆ నోరు మజ్జిగతో నింపాడు. తర్వాత మైలారయ్యకు ఒకటిచ్చి తనూ గటగటా తాగి, కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

"ఒరేయ్ మైలారా! మజ్జిగ ఇంత తియ్యగా ఉంటుందా!"

అని మళ్ళీ నవ్వి, తన చేతి బంగారు కంకణం తీసి మైలారయ్యకు తొడిగాడు. ఇంకో చెంబు కూడా తెమ్మన్నాడు.