వీధి వైపు తునకలు

సుంకులమ్మ అవ్వ దగ్గర తత్వాలు నేర్చుకునేవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమె జవాబు చెప్పదు, కొంగు బిగిస్తుంది. ఏదో ఒక పనికి పూనుకుంటుంది. ఆ పని పూర్తయ్యేలోగా, ఎందుకడిగానురా భగవంతుడా అని అడిగినవాళ్ళు తలపట్టుకుంటారు.

ఆదోనిలో టీచరుగా పనిచేసే సులోచన, దసరా సెలవుల్లో ఒకనాడు అడగనే అడిగింది.

"అవ్వా, ఇన్నేండ్లు తత్వాలు పాడినా ఈ సిగ్గు నన్ను ఏంటికి వదల్లేదు?"

అంటూనే చేతిలోని డబ్బా మూత తీసింది. గుప్పున వాసన కొట్టింది. లోపల జిగురు పట్టి, బూజు కమ్మిన వట్టి తునకలు. వచ్చే ఆదివారం సులోచన తల్లి సంవత్సరీకం. పెద్దకూరను, అదే గొడ్డుమాంసాన్ని, సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, ఎండబెట్టి తునకలు చేయడంలో ఆ తల్లికి సాటి ఎవరూ లేరు. ఆ తునకలే తన చేత్తో చేసి, వండి, అమ్మ పటం ముందర పెట్టాలని కూతురి పట్టుదల. రెండుసార్లు చేసింది, రెండుసార్లూ కుళ్ళిపోయాయి. ఇక మిగిలింది ఆరు రోజులు.

"యాడ ఎండబెట్టినావు?" అంది అవ్వ.

"వెనక గదిలో, ఫ్యాను కింద. తలుపులేసి."

"మీ మిద్దె మీదికి ఎండ రాదా?"

"వస్తాది. మిద్దె మీద ఏం ఆరేసినా కాలనీ అంతా చూస్తాది గదా అవ్వా."

అవ్వ కొంగు బిగించింది.

మర్నాడు పొద్దున్నే అవ్వ మాంసం తీసుకుని సులోచన ఇంటికొచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని, ముద్దను తెగనీయకుండా తిప్పుతూ, మూరెడేసి పొడవున నాడాల్లా కోసింది. అమ్మ కూడా అట్లే కోసేదని గుర్తొచ్చి సులోచన కళ్ళు తుడుచుకుంది. ఉప్పూ పసుపూ పట్టించాక అవ్వ మిద్దెక్కి, నీళ్ళ ట్యాంకు నుంచి పిట్టగోడ మీది ఇనుప కడ్డీకి తాడు కట్టింది. అదీ సరిగ్గా వీధి వైపు! సులోచనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అవ్వా, అడ్డంగా పాత చీరన్నా కడదాం."

"కడితే ఎండ తగిలేది కూరకా, చీరకా?"

తొమ్మిదన్నా కాకముందే పక్కమిద్దె మీదికి పంకజాక్షి గారు బట్టలు ఆరేయడానికి వచ్చింది. తడి దుప్పటి చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటండీ టీచర్ గారూ, అవి?"

సులోచన అవ్వ వైపు చూసింది. అవ్వ కాకులను తోలడంలో మునిగిపోయింది, ఊళ్ళో కాకులన్నీ తనకు పాత పగవాళ్ళే అయినట్టు. వడియాలని చెప్పేద్దామనిపించింది సులోచనకు. ఎర్రటి వడియాలు, అదీ తాడు మీద వేలాడేవి, ఎవరు నమ్ముతారు గనక! అయినా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ క్షణాన గాలి వీచి, పసుపూ ఉప్పూ కలిసిన అమ్మ చేతి వాసన ముక్కుకు తగిలింది.

"తునకలండీ! పెద్దకూర తునకలు. మా అమ్మ చేసేది. మేం తింటాం," అంది, చివరి బెంచీకి పాఠం వినిపించే గొంతుతో.

పంకజాక్షి గారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగిపోయింది. తలుపు దఢాలున పడింది. ఆకాశం మాత్రం విరిగి మీద పడలేదు. ఎండ ఇంకాస్త చురుక్కుమంది. సులోచన తునకలన్నిటినీ రెండో వైపుకు తిప్పి, అవ్వ చేతిలో కర్ర లాక్కుని తనే కాకులను తోలింది.

నాలుగోనాటి సాయంత్రం ఒక తునకను వంచితే ఫట్‌మని విరిగింది. జిగురు లేదు, బూజు లేదు. సులోచన చిన్నపిల్లలా గంతేసింది. టీచరమ్మ మిద్దె మీద గంతులేయడం కాలనీ అంతా చూసింది. చూడనీ! ఆదివారం గోంగూరలో వేసి వండిన తునకలు అమ్మ పటం ముందర పొగలు కక్కాయి. సులోచన మేనమామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "మా అక్క వచ్చిందే!" అని బోరుమన్నాడు. గెలిచానని సులోచనకు అప్పుడు తెలిసింది. ఏ ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డూ ఆ ఏడుపుకు సాటి రాదనుకుంది.

భోజనాలయ్యాక ఆమె మిద్దెక్కి తాడు విప్పబోయింది.

"ఉండనీ మ్మే," అంది వెనక నుంచి సుంకులమ్మ అవ్వ. "రేపు కూడా ఎండొస్తాది."