నాలుగో దిక్కున వల

పూర్వం, అడవులకు ఇంకా ఎవరూ సరిహద్దులు గీయని యుగంలో, వింధ్యకు దక్షిణాన శైలవతీ నగరాన్ని దృఢశరుడనే రాజు ఏలుతుండేవాడు. శత్రుభీకరుడు, సత్యవాది, గురి తప్పని విలుకాడు. ఆయనకు రాజ్యం కన్నా వేట మీదే మక్కువ.

ఆ సీమలో వేటకు ఒక కట్టడి ఉండేది. బోయలు మూడు దిక్కుల్లోనే వలలు కట్టి, డప్పులు మోగించి మృగాలను తోలేవారు. తూర్పున వల కట్టరు. అటు పరుగెత్తింది అరణ్యదేవి సొత్తు. దాని వెనుక బాణం వదలకూడదు.

ఒక వసంతంలో రాణి తమ్ముడు చండకేతుడు వేటకు వచ్చి, తూర్పుగా తప్పించుకుపోతున్న లేళ్ల మందను చూసి పకపకా నవ్వాడు.

“బావా, మమ్మల్ని పిలిచింది వేటకా, లేళ్లను సాగనంపడానికా? ముందే చెబితే చీరా సారే తెచ్చేవాణ్ణి కదా!”

పరివారం నవ్వు ఆపుకోలేక తలలు దించుకుంది. రాజు ముఖం ఎర్రబడింది. తెల్లవారేసరికి తూర్పున కూడా వల కట్టాలని ఆజ్ఞాపించాడు.

ఆ అడవిలో తపస్సు చేసుకుంటున్న తృణపాద మహర్షి సంగతి విని, శిబిరానికి వచ్చి రాజు ఎదుట నిలిచాడు.

“రాజా, ఇది లేళ్లు ఈనే కాలం. ఆ దిక్కు దేవిది. విడిచిపెట్టు.”

“మహర్షీ, మీ దేవి ఎన్ని లేళ్లను తింటుందేమిటి?”

“ఆమె తినదు. కంటుంది.”

చండకేతుడు మళ్లీ నవ్వాడు. బోయలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వల కట్టారు.

మరునాటి సాయంత్రానికి అడవిలో కదిలే డెక్క లేదు. కుప్పపోసిన లేళ్లను చూడవచ్చిన రాణి సుమేఖల ఒకదాని పొదుగు తాకి చెయ్యి వెనక్కు తీసుకుంది.

“ప్రభూ, వీటికి ఇంకా పాలు కారుతున్నాయి.”

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

ఆ పైన జరగవలసిందే జరిగింది. తిండి లేని పులులు పశువుల మీద పడ్డాయి. పశువులను దొడ్లలో దాస్తే మనుషుల మీద పడ్డాయి. రాజు వాటిని వెంటాడి చంపుతూ పోగా, చివరికి ఒక్క ఆడపులి మిగిలింది. కార్తికంలో సుమేఖల భర్త ఆయుష్షు కోరి ఏటిలో దీపం వదలడానికి వంగినప్పుడు, రెల్లు పొదలోనుంచి వచ్చి అది ఆమెను ఈడ్చుకుపోయింది. చండకేతుడు అప్పటికి తన నగరంలో సుఖంగా ఉన్నాడు.

రాజు నెత్తుటి జాడ పట్టి, ఒక గుహ ముందు పులిని చూశాడు. ఎముకలు తేలిన ఒళ్లు, నిండు కడుపు, ఎర్రటి మూతి. బాణం సంధించాడు. తృణపాదుడు అడ్డు వచ్చాడు.

“తప్పుకోండి స్వామీ! అది నా భార్యను తిన్నది.”

“తిన్నది. దాని తిండి నువ్వు తిన్నావు.”

“నాకు నీతులొద్దు.”

“నీతి కాదు. మిగిలింది ఇదొక్కటే, కడుపుతో ఉంది. దీన్నీ చంపి ఉత్త చెట్లను ఏలుకో.”

మహర్షి పక్కకు తప్పుకున్నాడు. రాజు అల్లెతాడును చెవిదాకా లాగి, వేళ్లు కోసుకుని నెత్తురు కారేదాకా అలాగే నిలబడ్డాడు. పులి మెల్లగా లేచి గుహలోకి పోయింది. ఆయన క్షమించలేదు. విల్లు మాత్రం దించాడు.

అప్పుడు శ్యామలాంగి అయిన అరణ్యదేవి చెట్ల నడుమ ప్రత్యక్షమైంది. ఆమె ముఖాన దయ లేదు.

“వరం కోరుకో.”

“నా సుమేఖలను ఇవ్వు తల్లీ.”

“కొత్తగా పుట్టించగలను. పోయినవారిని తేలేను.”

రాజు విల్లును నేల మీద పెట్టాడు.

“అయితే లేళ్లను పుట్టించు.”

“తథాస్తు.”

కొండల అవతలి నుంచి మందలు వచ్చాయి. ఈనే కాలంలో విల్లెక్కుపెట్టరాదని, చూలుతో ఉన్నదాన్ని కొట్టరాదని రాజు శాసించాడు. మరుసటి వసంతంలో చండకేతుడు విల్లుతో వస్తే, పొలిమేరలోనే దాన్ని విరిపించాడు.

“ఒక్క లేడి కోసం ఇంత పట్టుదలా బావా?”

“మీ అక్కను అడుగు.”

అడవి నిండింది. పులులు ఊళ్ల జోలికి రావడం మానాయి. వానలు కురిశాయి, చేలు పండాయి. దృఢశరుడు మళ్లీ పెళ్లాడలేదు.

ఈ కథ విన్నవారికి అరణ్యదేవి సంతానాన్నీ, పంటనూ అనుగ్రహిస్తుందంటారు. దృఢశరుడికి మాత్రం పంట ఒక్కటే దక్కింది.