చచ్చినవాళ్ళు లేచే ఆట

కూర్మయ్య మాస్టారిని ఏదైనా అడిగితే ఉత్తరీయం సర్దుకుని "చూద్దాం లే" అనేవారు. ఆ చూడడం ఎప్పుడో, ఎక్కడో ఎవరికీ తెలిసేది కాదు. ఉద్దానం జీడితోటల నడుమ ఉన్న ఆ చిన్న బడిలో ఆయన పెద్ద మాస్టారు. భూషణమూ నేనూ ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న కొత్త పంతుళ్ళం. ఒకనాడు భూషణం ఆయన్ని అడిగాడు: "ఆటలో పెట్టి చెప్పినా ఎక్కం రాని పిల్లకు ఇంక దేంతో చెప్పాలండీ?"

అతని బాధ ఉత్తుత్తిది కాదు. లెక్కలంటే తోటల్లోకి పారిపోయే పిల్లల్ని చెడుగుడుతో వెనక్కి లాక్కొచ్చిన ఘనుడు అతను. కూతకు వెళ్ళేవాళ్ళు "చెడుగుడు చెడుగుడు" అనడానికి బదులు ఎక్కం చదవాలి. ఊపిరాగినా ఔటే, ఎక్కం తప్పినా ఔటే. చెడుగుడులో మనవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి చంపితే మనలో చచ్చినవాడొకడు లేచి మళ్ళీ బరిలోకి వస్తాడు కదా, భూషణం ఆ లేవడాన్ని ఎక్కం తప్పినవాళ్ళకు తీసేశాడు. ఇంటి దగ్గర నేర్చుకొచ్చి అప్పజెప్పేదాకా వాళ్ళు గట్టు మీదే కూర్చోవాలి. బరిలో మాత్రం సాయంత్రమయ్యేసరికి దుమ్ముతో పాటు ఎక్కాలు లేచేవి. బట్టీల నుంచి జీడిపిక్కలు కాలుతున్న వాసన వచ్చేది. ఇప్పుడా స్థలంలో భోజనాల షెడ్డు వేశారు. ఎక్కడైనా ఆ వాసన తగిలితే చాలు, నాకు ఏడో ఎక్కం గుర్తొచ్చి ఆ రోజుల మీద బెంగ పుడుతుంది.

పైడమ్మ ఒకప్పుడు ఆ బరికి రాణి. పట్టుకుంటే కొర్రమీనులా జారిపోయేది. ఈ షరతు వచ్చాక ఏడో ఎక్కం దగ్గర చచ్చి గట్టెక్కింది, ఇక దిగలేదు. ఇంటి దగ్గర చెప్పేవాళ్ళెవరూ లేరు. వాళ్ళమ్మ బడికి వచ్చి, "సదువూ రాక, ఆటా నేక, ఊరికే కూకోడానికి బడెందుకు బాబూ? సోమారం నుంచి నాతోటి పిక్కల పనికి తీసుకెల్పోతాను" అంది. భూషణం ప్రశ్న పుట్టింది ఆ మాటలోంచే.

"చూద్దాం లే" అన్నారు మాస్టారు. ఆ సాయంత్రం ఆయన పంచె ఎగ్గట్టి బరి దగ్గరికి వచ్చి, భూషణాన్ని ఒక పక్షంలో చేర్చి కూతకు పొమ్మన్నారు. "పెద్దవాడివి, పంతొమ్మిదో ఎక్కం చదువు" అన్నారు. పిల్లలకు పండగే. భూషణం ధీమాగానే గీత దాటాడు. పంతొమ్మిదైదుల దాకా బాగానే నడిచింది. అంతలో నలుగురు కాళ్ళకు చుట్టుకున్నారు. పంతొమ్మిదార్లు నూట అన్నాడు, మళ్ళీ నూట అన్నాడు, ఆ పైన ముక్క రాలేదు. నవ్వుకుంటూ వెళ్ళి పైడమ్మ పక్కన కూర్చున్నాడు.

ఆట సాగింది. అతని పక్షంవాళ్ళు అవతల ఒకణ్ణి చంపారు. భూషణం లేవబోయి, తన షరతు గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డాడు. ఇంకొకణ్ణి చంపారు. మాస్టారు ఇటు చూడనే లేదు. భూషణం మొహంలో నవ్వు పోయింది. లోపలికెళ్ళి ఆడాలని కాళ్ళు పీకుతున్నట్టు కదులుతున్నాడు. చాలాసేపటికి పైడమ్మ బరిలోంచి చూపు తిప్పకుండానే అంది.

"మా పాత ఆటయితే ఈపాటికి లెగిసిపోదురండి, మాస్టారూ."

భూషణం లేచి నిలబడి, "ఎక్కం చదవాల్సిందే. కానీ చచ్చినవాళ్ళు పాత ఆటలోలాగే లేస్తారు" అన్నాడు. పైడమ్మ కూతకు వెళ్ళింది. ఏడార్ల దగ్గర తప్పి చచ్చింది. తనవాళ్ళు ఒకణ్ణి చంపితే లేచింది. మళ్ళీ వెళ్ళి ఏడెనిమిదుల దగ్గర చచ్చింది, మళ్ళీ లేచింది. పిక్కల పని నుంచి వస్తున్న వాళ్ళమ్మ గట్టు మీద ఆగిపోయి చూస్తోంది. పొద్దుగూకే వేళకు ఆ పిల్ల ఎక్కం చదవడం కోసం గీత ముట్టిందో, గీత ముట్టడం కోసం ఎక్కం చదివిందో చెప్పలేను గాని, ఏడు పదుల డెబ్భై అంటూ ముట్టింది. సోమవారం వాళ్ళమ్మ ఒక్కతే పనికి పోయింది.

ఆ రోజు ఇళ్ళకు వెళ్తూ దారిలో భూషణం, "ఆ మాటేదో మీరే ముందు చెప్పొచ్చు గదండీ" అన్నాడు.

మాస్టారు ఉత్తరీయం సర్దుకున్నారు. "చెడుగుడు కనిపెట్టినవాడు బడి మొహం చూశాడో లేదో గాని, చచ్చినవాణ్ణి లేపడం మాత్రం మరిచిపోలేదు" అన్నారు.